సవరణ: వాండర్‌బిల్ట్ ఎస్టేట్ కోచ్ హౌస్ ఎవరి డిజైన్?

న్యూయార్క్ రాష్ట్రం హైడ్ పార్క్‌లో, రైల్వేలతో సంపన్నులైన వాండర్‌బిల్ట్ కుటుంబానికి చెందిన ఫ్రెడరిక్ వాండర్‌బిల్ట్ ఎస్టేట్ గురించి మొన్న పెట్టిన పోస్టులో, గుర్రాలకీ బగ్గీలకీ కట్టిన కోచ్ హౌస్‌ను కూడా మెకిమ్, మీడ్ అండ్ వైట్ అనే ఆర్కిటెక్ట్‌ల సంస్థే డిజైన్ చేసిందని రాశాను. అది తప్పు. దాని ఆర్కిటెక్ట్ రాబర్ట్ హెచ్. రాబర్ట్‌సన్, కట్టింది 1897లో. ఎస్టేట్‌ను చూసుకునే నేషనల్ పార్క్ సర్వీస్ వివరాల్లో ఇది స్పష్టంగా ఉంది.

పెద్ద భవనం, అతిథుల పెవిలియన్, గేట్ హౌస్‌లు మెకిమ్ వాళ్లవే కాబట్టి ఇదీ వాళ్లదేనని రాసేశాను. కానీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది: భవనం ఇండియానా సున్నపురాయితో, బారు స్తంభాలతో, రెండు వైపులా కొలిచి గీసినట్టు ఉంటుంది, కోచ్ హౌస్ మాత్రం క్వీన్ ఆన్ శైలి, ఏటవాలు కప్పులు, ఎడమకీ కుడికీ పొంతన కుదరాలన్న పట్టింపే ఉండదు. నాకైతే ఇదే ఎక్కువ నచ్చుతుంది. రాబర్ట్‌సన్ ఆ కుటుంబానికి కొత్తవాడేం కాదు, వెర్మాంట్‌లో ఫ్రెడరిక్ చెల్లెలు లైలా వెబ్ దంపతుల షెల్బర్న్ ఫార్మ్స్ అనే ఎస్టేట్‌లోని ప్రధాన కట్టడాలూ ఆయనవే.

ఇంకొకటి, కోచ్ హౌస్ గుర్రాల కాలంలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉందని కొందరు అనుకున్నారు. కాదు, 1910లోనే దాన్ని కార్ల కోసం మార్చారు.