ఐదు వేల స్నీకర్లు ఐదేళ్లు వస్తాయా?

మా ఫ్యామిలీ గ్రూపులో ఈ మధ్య మూడుసార్లు తిరిగిన మెసేజ్ ఇది: "చవక బూట్లు మూడు జతలు కొనే బదులు ఐదు వేలు పెట్టి ఒక్క తెల్ల లెదర్ స్నీకర్స్ కొనండి. దూదిలా ఉంటాయి. వాకింగ్‌కీ, ఆఫీసుకీ, పెళ్లికీ అవే. మొదట్లో కరిచినా సర్దుకుంటాయి. జాగ్రత్తగా దాచుకుంటే ఐదేళ్లు ఢోకా లేదు."

ముందు ఆ 'లెదర్' సంగతి. ఐదు వేలు పెట్టినంత మాత్రాన తోలు రాదు. చాలా బ్రాండ్లలో బూటు నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) వెనకో, లోపలి స్టిక్కరు మీదో చిన్న బొమ్మలుంటాయి. ఐరోపా నిబంధన అది, మన షాపుల్లోని జతల మీదా కనిపిస్తుంది. పరిచిన చర్మం ఆకారం ఉంటే తోలు. దాని మధ్యలో డైమండ్ గుర్తుంటే పైన పూత పూసిన తోలు. ఒట్టి డైమండే ఉంటే తోలూ కాదు, బట్టా కాదు, ఎక్కువగా సింథటిక్. తెల్ల స్నీకర్లకు తాతలాంటి అడిడాస్ స్టాన్ స్మిత్‌నే 2021లో తోలు నుంచి రీసైకిల్డ్ సింథటిక్‌కి మార్చారు.

దూదిలా ఉండటమంటారా, షాపులో నాలుగడుగులు వేస్తే ఏదైనా హాయిగానే ఉంటుంది. బొటనవేలితో నొక్కితే దిగిపోయే ఆ లోపలి అట్ట కొన్నాళ్లకే అణిగిపోతుంది. రెండు చేతులతో పట్టుకుని వంచి చూడండి. వేళ్ల దగ్గర వంగాలి, నడుమ విరిగినట్టు వంగితే వదిలేయండి. ఇక వాకింగ్ మాట: స్టాన్ స్మిత్ పుట్టింది టెన్నిస్ కోర్టు కోసం, 1917 నాటి కన్వర్స్ ఆల్ స్టార్ బాస్కెట్‌బాల్ కోసం. ఈ రకాల అడుగు చదునుగా ఉంటుంది. సినిమాకి, ఆఫీసుకి భేషుగ్గా సరిపోతాయి. రోజూ ఐదు కిలోమీటర్లు నడిచేవాళ్లకు వాకింగ్ షూ వేరే ఉండాల్సిందే.

'సర్దుకుంటాయి' అన్నది సగమే నిజం. తోలు వెడల్పులో కాస్త సాగుతుంది, సింథటిక్ పెద్దగా సాగదు, పొడవు ఏదీ పెరగదు. యూకే సైజులో ఒక నంబరంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అందుకే అర నంబరు తేడాకే చిటికెనవేలు బొబ్బలెక్కుతుంది. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి, అప్పుడు వెళ్లి, రోజూ వేసుకునే సాక్సుతోనే కొలత చూసుకోండి.

దాచుకోవడం దగ్గరే నాకు నవ్వొచ్చింది. కాకినాడలో పెళ్లికని, నాలుగేళ్లుగా అటక మీద డబ్బాలో ఉన్న జత దించాను. కొత్తవాటిలా మెరుస్తున్నాయి. మండపం మెట్లెక్కేసరికి అడుగు రస్కు పొడిలా రాలిపోయింది. చాలా బూట్ల అడుగులో వాడే పాలీయురెథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్ ఫోమ్ గాలిలోని తేమకే లోలోపల విరిగిపోతుంది, వాడకపోయినా సరే. తీరప్రాంతంలో మరీను. ఆ రోజు వరసకు తమ్ముడి చెప్పులే దిక్కయ్యాయి.

పెళ్లికి పనికొస్తాయన్నది మాత్రం ఒప్పుకుంటా, కుర్తా మీద తెల్ల స్నీకర్స్ బాగుంటాయి. కానీ మనం గడప గడపకీ విప్పాలి. లేసులు విప్పే ఓపిక లేక మడమతో తొక్కి దూర్చుతాం, వెనక భాగం చచ్చిపోతుంది. ఎంత ధరైనా ఈ తొక్కుడికి ఆగదు.

ధరలో ఇంకో మెలిక: 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18. ఐదు వేల బిల్లులో దాదాపు 763 రూపాయలు పన్నే.

ఇదంతా గ్రూపులో రాస్తే, మెసేజ్ పంపిన బాబాయి తన కొత్త జత నాలుక తిప్పి ఫొటో పెట్టాడు. ఒట్టి డైమండ్.