కట్టుతీగ ఉండగా ఫుట్‌రెస్టు ఎందుకు?

మోటారుసైకిలులో అన్నిటికన్నా పనికిమాలిన భాగం వెనక ఎడమవైపు ఫుట్‌రెస్టు అని నెల్లూరు మగవాళ్లు ఎప్పుడో ఏకగ్రీవంగా తీర్మానించేశారు. మీటింగు ఎక్కడ జరిగిందో, మినిట్స్ ఎవరు రాశారో తెలియదు గానీ తీర్మానం మాత్రం చిన్నబజారు నుంచి వేదాయపాళెం దాకా పకడ్బందీగా అమలవుతోంది. అనుమానముంటే సాయంత్రం పూట అయ్యప్పగుడి సెంటర్లో నిలబడి, వచ్చే బళ్లను ఎడమ పక్కనుంచి చూడండి. హ్యాండిల్‌కి ఫోన్ స్టాండు, ట్యాంకు మీద పులి స్టిక్కరు, చక్రాలకు నీలం లైట్లు, కోవూరు దాకా వినపడే సైలెన్సరు. ఆ వైభవమంతా దాటుకుని వెనక్కి వస్తే, విరిగిన ఫుట్‌రెస్టు బ్రాకెట్‌కి నాలుగు చుట్లు కట్టుతీగ, దాని మీద సైకిల్ ట్యూబు రబ్బరు. ఆ రబ్బరు మీద రెండు కాళ్లూ ఆనించి, ఒళ్లో పిల్లాణ్ని, చేతిలో కొబ్బరికాయల సంచిని పెట్టుకుని పట్టుచీరలో ఒక ఇల్లాలు. జొన్నవాడ కామాక్షమ్మ దగ్గరికి పోతున్నారు. ఎవరి పూచీ మీద చేరుతున్నారో వేరే చెప్పాలా.

ఎడమదే ఎందుకు విరుగుతుందని అడిగేవాళ్లు ఎప్పుడూ వెనక కూర్చోని వాళ్లే. కాళ్లు చెరో పక్కా వేసుకునే మనిషికి బరువు రెండు ఫుట్‌రెస్టుల మీదా పడుతుంది. చీర కట్టుకుని ఒక పక్కకి తిరిగి కూర్చునే మనిషికి రెండు కాళ్లకూ ఒకటే దిక్కు. ఎక్కేటప్పుడు మనిషి మొత్తం దాని మీదే లేచి నిలబడాలి. కూర్చున్నాక ఒళ్లోకి బియ్యం మూట అందిస్తారు, ఆ బరువులో కొంతా దాని మీదికే. ఇప్పటి బళ్లకు చాలావాటికి ఈ బ్రాకెట్ పోత పోసిన అల్యూమినియం. ఇనుమైతే కాస్త వంగి, సంగతి ముందే చెబుతుంది. పోత అల్యూమినియానికి వంగే అలవాటు లేదు. బోల్టు బెజ్జం పక్కన వెంట్రుకవాసి బీట పడుతుంది, ఒక్కో స్పీడు బ్రేకరు దగ్గరా అది ఇంకాస్త పాకుతుంది, చివరికి ఒక శుక్రవారం నాడు టప్పుమంటుంది.

ఈ సంగతి ఢిల్లీలో కూర్చున్న వాళ్లకి కూడా తట్టింది, విచిత్రం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది తీసి చూడండి. వెనక మనిషిని కూర్చోబెట్టుకునే మోటారుసైకిలుకు పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలి, బట్టలు చక్రంలో ఇరుక్కోకుండా వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే అడ్డు ఉండాలి అని రాసి ఉంది. రాసినాయన ఎవరో గానీ చీరను ఎరిగినవాడు. మనవాళ్లు ఆయనకిచ్చిన గౌరవం ఏమిటంటే, బండి షోరూము నుంచి వచ్చిన వారం తిరక్కుండానే ఆ చీరగార్డు ఊడదీసి అటక మీద పడేయడం. ఉంటే లుక్కు పోతుందంట. చాలా బళ్లలో ఆడవాళ్ల కోసం మడత ఫుట్‌రెస్టు ఆ గార్డుకే ఉంటుంది. గార్డుతో పాటు అదీ అటకెక్కింది. ఎలకలు దాని మీద కాళ్లు చాపుకుని సుఖంగా ఉన్నాయని వినికిడి.

పోలీసులు కెమెరా పెట్టి హెల్మెట్ లేనివాడికి 1,000 రూపాయలు వేస్తారు, ముగ్గురెక్కితే ఇంకో 1,000. మంచిదే, వేయాల్సిందే. కట్టుతీగకు మాత్రం చలానా రాసినవాణ్ని నేనింతవరకూ చూడలేదు.

ఇక నేను స్వయంగా హాజరైన వైద్యశిబిరం గురించి చెప్పాలి. మినీ బైపాస్ పక్కన ఒక వెల్డింగ్ షాపు. గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపు. ఒక పెద్దమనిషి బండి తోసుకుంటూ వచ్చాడు. ఆయన వెనక పిల్లాణ్ని చంకనేసుకుని ఆయన భార్య. ఊడిన ముక్క ఆమె చేతిసంచిలో ఉంది. రెండు నిమిషాల్లో కమిటీ కూడింది. టీ అంగడాయన, ఒక లారీ క్లీనరు, ఒక రిటైర్డు పెద్దాయన, ఇంజనీరింగ్ చదువుతున్నానని చెప్పుకునే ఒక కుర్రాడు.

"ఇనుమేనా అన్నా?" అన్నాడు షాపతను.

"ఇనుమే సామీ, ఇంకేందుంటాది. కొట్టు."

ఇంజనీరింగ్ కుర్రాడు షాపులోంచి అయస్కాంతం తెచ్చి ఆనించాడు. అంటుకోలేదు. తిప్పి ఆనించాడు. అప్పుడూ అంటుకోలేదు. అయస్కాంతం పాడైపోయిందని కమిటీ తేల్చింది.

రాడ్డు తగిలించారు. నిప్పురవ్వలు బ్రహ్మాండంగా లేచాయి, టీ అంగడాయన మురిసిపోయాడు. బ్రాకెట్‌లో ఒక మూల కరిగి బొట్టుగా కింద పడింది. "పట్టింది, పట్టింది" అన్నాడు క్లీనరు. షాపతను సుత్తితో ఒక్కటి తగిలించగానే పట్టిందేదో, పట్టనిదేదో రెండూ విడిపోయాయి. ఇప్పుడు బెజ్జం ఉండాల్సిన చోట బొక్క ఉంది. కరెంటు తక్కువైందన్నాడు ఒకాయన. ఎక్కువైందన్నాడు రిటైర్డు పెద్దాయన. ఇంకొకసారి కొట్టారు. బొక్క ఇంకొంచెం వృద్ధిలోకి వచ్చింది.

అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడు పొర ఒకటుంటుంది. అది కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి, లోపలి లోహం 660 లోపే నీరవుతుంది. గేట్లు అతికే రాడ్డుతో కొడితే పైతొక్క కరిగేలోగా లోపలి లోహమంతా జారిపోతుంది. దీనికి ఆర్గాన్ వెల్డింగ్ అని వేరే ఉంది, ఆటోనగర్‌లో ఎవరినడిగినా చూపిస్తారు. ముక్కకున్న ఆయిలూ దుమ్మూ పోయేదాకా కడగాలి. బీట మొత్తం విరగకుండా ఉంటే దాని చివర చిన్న బెజ్జం వేసి అక్కడితో ఆపాలి. గ్రైండరుతో గాడి తీయాలి. ఏసీ కరెంటు మీద అల్యూమినియం రాడ్డుతో నింపాలి. అంత చేసినా మనిషి బరువు మోసే చోట కొత్త బ్రాకెట్ వేయించుకోవడమే మేలు. అది దొరక్కపోతే అట్టముక్క మీద ఆకారం గీసి, 8 మిల్లీమీటర్ల ఇనప ప్లేటు కోయించి, పాత బెజ్జాలకే స్ప్రింగు వాషర్లు వేసి బిగించుకున్నా మోస్తుంది. ఈ మాట నేను కమిటీ ముందు పెట్టాను. నన్ను చూసిన చూపులో జాలి ఉంది.

ఆ తర్వాత ప్రత్యామ్నాయాలు చర్చకు వచ్చాయి. ఎంసీల్ పెడదామన్నారు. కొబ్బరితాడు అన్నారు. తాడైతే చీరకి మరకంటదని టీ అంగడాయన చెప్పిన పాయింటు అందరికీ నచ్చింది. చివరికి క్లీనరు, "అసలెందుకన్నా ఇది, పీకేస్తే పోలా? కాళ్లు రవంత ముడుచుకుని కూర్చుంటాది మేడం" అన్నాడు. ఎడమ పక్క కాళ్లు ముడుచుకుంటే పెట్టడానికి అక్కడున్నది చెయినూ పళ్లచక్రమూ. ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అప్పుడు ఆ పెద్దమనిషి నవ్వుతూ, "ఏం జేద్దాం, మా ఇంటామె బరువట్టాటిది. ఎన్ని బ్రాకెట్లని ఆగుతాయి" అన్నాడు. కమిటీ అంతా నవ్వింది. ఆమె చంకలో పిల్లాణ్ని ఆ పక్కకి మార్చుకుంది.

బరువంట! ఆమె చంకలో ఉన్న పిల్లాడు ఎవరి కొడుకు? మొన్న ఒళ్లో పెట్టుకుని వచ్చిన బియ్యం మూట ఎవరి కంచంలోకి పోయింది? నేను ఆ విరిగిన ముక్క చేతిలోకి తీసుకుని, కాల్చకుండా మిగిలిన అంచు చూశాను. ఒక పక్క పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. అది ఆ రోజు విరిగింది. మిగతా సగానికి పైగా నల్లగా, జిడ్డుగా ఉంది. అది ఆ రోజుది కాదు. బీట ఎన్నాళ్ల కిందటో పడి, దుమ్మూ చెయిన్ ఆయిలూ లోపలికి ఇంకి నల్లబడితే తప్ప ఆ రంగు రాదు. అన్నాళ్లూ ఆమె కాలి కింద అది కదులుతూనే ఉంది. ఆమె చెప్పే ఉంటుంది. "ఏం గాదులే, కూర్చో" అని ఈయన అనే ఉంటాడు. బండి కడిగిన ప్రతి ఆదివారం ట్యాంకు మీద పులికి మీసాలు తుడవడానికి తీరిక దొరికినవాడికి, వంగి ఆ బ్రాకెట్ వైపు ఒక్కసారి చూడటానికి నడుం వంగలేదు.

ముందున్న తన ఫుట్‌రెస్టు విరిగితే ఏం చేస్తాడో మనకు తెలియదా? గేరు కాలికి ఆసరా లేకపోతే ఆ పూటకి పనికి సెలవు పెట్టి, చెన్నై నుంచైనా సామాను తెప్పిస్తాడు. అప్పుడు ఎవరి బరువు గురించీ మాట రాదు.

పక్కకి తిరిగి కూర్చున్న మనిషికి కాళ్ల కింద ఆధారం పోతే పట్టు తప్పుతుంది. చేతుల్లో పిల్లాడుంటే చేతులు ఆనించుకోను కూడా లేదు. పడితే తల రోడ్డుకి తగలొచ్చు. పొగతోటలో ఎముకల డాక్టర్ల వరండాల్లో కాసేపు కూర్చోండి. "బండి మీంచి జారిందండీ" అని మొగుడు చెబుతుంటాడు. జారింది! జారడం ఆమె చేసిన పని, చూశారూ. కట్టుతీగ కట్టినవాడు ఆ వాక్యంలో ఎక్కడా ఉండడు. స్కానింగుకి కట్టే డబ్బులో ఎన్ని కొత్త బ్రాకెట్లు వస్తాయో లెక్క వేసే తీరిక అప్పుడు వాడికి ఉండదు, ఫోన్లో బంధువులకి "స్పీడు బ్రేకరుకి పెయింటు వేయలేదు సార్" అని మున్సిపాలిటీని తిడుతుంటాడు.

సరే, శిబిరం సంగతి మిగిలిపోయింది. కమిటీ తుది నిర్ణయం ప్రకారం 12 నంబరు పానాతో బోల్టులు విప్పి, మిగిలిన బ్రాకెట్ ముక్కని కూడా ఊడదీశారు. ఆర్గాన్ మాట మళ్లీ ఎత్తాను, "ఈ నెల కాదులేన్నా" అన్నాడు పెద్దమనిషి. ముక్కలు రెండూ తిరిగి ఆమె సంచిలోకే పోయాయి. ఆమె పిల్లాడితో షేర్ ఆటో ఎక్కింది. ఆటోకి డబ్బులు ఆమే తన పర్సులోంచి తీసుకుంది. ఆయన బండి స్టార్టు చేసి, చెవి కిందికి వంచి శ్రద్ధగా విని, షాపతని వైపు తిరిగాడు.

"ఇప్పుడు సౌండు బో బాగుండాదన్నా. ఇందాకటిదాకా వెనక ఏందో గలగలా అంటా ఉన్నింది."