మిస్సమ్మ క్లైమాక్స్ మీద నా పేచీ

1955లో ఎల్.వి. ప్రసాద్ తీసిన మిస్సమ్మ సినిమా మాటెత్తితే చాలు, అందరూ అవే చెబుతారు. పాటలు, సావిత్రి, మొదట కథానాయికగా వేసిన భానుమతిని నిర్మాత చక్రపాణి క్షమాపణ ఉత్తరం అడగడం, ఆమెతో తీసిన రీళ్ళు తగలబెట్టడం. అవన్నీ సరే. అసలు ఆ కథ ఎందుకంత బాగా నడుస్తుంది, చివర్లో ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు.

అప్పాపురంలో జమీందారు గోపాలం బడికి బి.ఏ. చదివిన భార్యాభర్తలు కావాలి. ఎం.టి. రావుకి (ఎన్.టి.ఆర్.) ఉద్యోగం లేదు. మేరీకి (సావిత్రి) డేవిడ్ దగ్గర తండ్రి చేసిన బాకీ తీర్చాలి. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవురాలు. మొగుడూ పెళ్ళాలమని చెప్పుకుని ఆ ఊళ్ళో దిగుతారు. కథ మూలం బెంగాలీదే అయినా, ఈ ఎత్తుగడని మనవాళ్ళు ఇప్పటికీ వదల్లేదు. 'కాంట్రాక్ట్ పెళ్ళి' సినిమా ఏది చూడండి, తాతగారి వీలునామా కోసం పెళ్ళి నాటకం మొదలవుతుంది, ఆపైన గంటసేపు ఫారిన్‌లో పాటలు. నాటకం బయటపడితే ఏమవుతుందన్న భయం ఎవరికీ ఉండదు.

మిస్సమ్మలో అలా కాదు, అబద్ధానికి రోజూ వడ్డీ కట్టాలి. ఆ వడ్డీ వసూలు చేసేది డేవిడ్ కూడా కాదు, గోపాలం దంపతుల ఆప్యాయత. వాళ్ళు మేరీని సొంత కూతురిలా చూసుకుంటారు. ఆ ఇంటి ఆదరమంతా హిందూ ఆచారాల దారిలోనే వస్తుంది. ఒప్పుకుంటే తన నమ్మకానికి ద్రోహం, కాదంటే జీతానికి ముప్పు. అంత మంచివాళ్ళ మీద కోప్పడటానికీ లేదు. కాబట్టి కోపమంతా రావు మీద పడుతుంది. వాళ్ళిద్దరి తగవులకి వేరే కారణం వెతకక్కర్లేదు. ఎస్.వి. రంగారావు గోపాలాన్ని కర్కశంగా చేసి ఉంటే సినిమా మొదటి సగంలోనే కూలిపోయేది. అప్పుడు మేరీకి తిట్టుకోవడానికి ఒక మనిషి దొరికేవాడు, రావు బతికిపోయేవాడు.

పాటలు కూడా ఈ తగవులోవే. 'తెలుసుకొనవె చెల్లీ' అని మేరీ, గోపాలం కూతురు సీతకి మగవాళ్ళ గురించి జాగ్రత్తలు చెబుతుంది. అదే వరసలో 'తెలుసుకొనవె యువతి' అంటూ రావు జవాబు. సంగీత దర్శకుడు రాజేశ్వరరావు ట్యూన్ మార్చలేదు, పాటల రచయిత పింగళి వాదన తిరగేశాడు. 'రావోయి చందమామ' ఇంకా చిత్రం. కెమెరామన్ మార్కస్ బార్ట్లే వెన్నెల చూసి దాన్ని ప్రేమ యుగళగీతం అనుకుంటాం, వింటే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చంద్రుడికి ఫిర్యాదు చేస్తున్నారు.

ఇంత కట్టి, చివరికి చేసిందేమిటి? పాదం మీద పుట్టుమచ్చ. మేరీయే గోపాలం దంపతుల తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అట. దొంగచాటు మలుపు అని అనను. బడి పేరుతో సహా సూచన ముందునుంచీ ఉంది. గోపాలం మేనల్లుడు రాజు (ఏ.ఎన్.ఆర్.) డిటెక్టివ్ పిచ్చి అంతసేపు నవ్వించింది ఈ పని కోసమే. నా పేచీ వేరు. సినిమా అంతా రెండు లోకాల మధ్య గోడ మీద నడిచింది. ఆ గోడ దాటడం ఎలాగో చూపించాల్సిన చోట, అసలు గోడే లేదనేసింది.

"ఆ రోజుల్లో వేరే దారి ఏముంది?" అంటారు. తేదీలు చూడండి. ప్రత్యేక వివాహ చట్టం 1954 అమల్లోకి వచ్చింది 1955 జనవరి 1న. సినిమా విడుదల 1955 జనవరి 12న. ఆ చట్టం కింద ఇద్దరిలో ఎవరూ మతం మారక్కర్లేదు. ఒకరైనా 30 రోజులు కాపురమున్న జిల్లాలో వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. ఆయన దాన్ని అందరికీ కనబడేలా అంటిస్తాడు. 30 రోజుల్లో చెల్లే అభ్యంతరం రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు సంతకాలు. ఆ నోటీసు గోడ మీద ఉండే నెల రోజులు ఎంత హాస్యానికి చోటో ఆలోచించండి! అప్పాపురంలో మొగుడూ పెళ్ళాలుగా చలామణీ అవుతున్నవాళ్ళు పెళ్ళికి నోటీసు ఇచ్చారని తెలిస్తే గోపాలం మొహం ఎలా ఉంటుంది? రావు వెంట వచ్చిన దేవయ్య (రేలంగి) ఆ కాగితం చింపడానికి తిరగడూ?

జనం ఒప్పుకోరన్న భయమా? పెళ్ళికాని అమ్మాయి, పరాయి మగవాడితో ఒకే ఇంట్లో, జీతం కోసం ఉంటే ఒప్పుకున్నారుగా. 'కరుణించు మేరీమాత' పాటని ఎక్కడా వెటకారం లేకుండా పెట్టిన సినిమా ఇది. అంత ధైర్యం చేసినవాళ్ళకి ఇంకో రీలు ధైర్యం కష్టం కాదు. పైగా అవకాశం ఒక్కసారి రాలేదు. జెమినీ గణేశన్‌తో తమిళంలో మిస్సియమ్మ అప్పుడే తీశారు. 1957లో మీనాకుమారితో హిందీ మిస్ మేరీ కూడా ఎల్.వి. ప్రసాదే తీశారు. మేరీ మూడింటిలోనూ తప్పిపోయిన కూతురే.