సాక్షులు పోతే జ్ఞాపకం పోతుందా?
రెండో ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్‌ను జర్మనీ ఆక్రమణ నుంచి విడిపించడానికి 1944 జూన్ 6న అక్కడి నార్మండీ తీరంలో దిగిన మిత్రపక్షాల సైనికుల్లో బతికున్నవాళ్లు కొద్దిమందే కాబట్టి జూన్ 6 సంస్మరణ ఇక ఉత్త లాంఛనంగా మిగిలిపోతుందని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నేను ఒప్పుకోను. రెండేళ్ల కిందట, ఆ సైనికులు దిగిన చోట్లలో ఒకటైన ఒమాహా తీరం పైనున్న అమెరికన్ శ్మశానవాటికకు వెళ్లాం. 9 వేలకు పైగా సమాధులు. ఒకచోట అక్కడి ఉద్యోగి తెల్ల పాలరాతి శిలువ ముందు మోకాళ్ల మీద కూర్చుని, కింది తీరం నుంచి తెచ్చిన తడి ఇసుకను పేరు చెక్కిన అక్షరాల్లో రుద్దాడు. స్పాంజితో తుడిచేసరికి పేరు బంగారు రంగులో తేలింది. చూడ్డానికొచ్చిన మనవరాలు ఏడ్చేసింది, ఆమె పుట్టకముందే పోయిన తాతయ్య ఆయన. సాక్షి లేకపోతే జ్ఞాపకం లేదని ఎలా అంటాం? నా బాధ వేరే. అప్పటి బాంబుదాడుల్లో నార్మండీలోని కాన్ (Caen), సాన్‌లో (Saint-Lô) లాంటి ఊళ్లు నేలమట్టమయ్యాయి, వేలమంది మామూలు జనం చచ్చిపోయారు. వాళ్లను చంపినవి ఎక్కువగా విడిపించడానికొచ్చిన మిత్రపక్షాల బాంబులే. అందుకేనేమో చాలాకాలం ఆ మాట ఎవరూ గట్టిగా ఎత్తలేదు. 2014లో కాన్‌లో, 2024లో సాన్‌లోలో ఫ్రాన్స్ అధ్యక్షులు ఆ పౌరులకు నివాళులర్పించారు. ఆ వ్యాసంలో మాత్రం ఆ పౌరుల గురించి ఒక్క వాక్యం కూడా లేదు.