పిల్లల్ని ఎవరూ అనుమానించరా? బాల గూఢచారుల నవలల మీద తిరుగుతున్న మాటలకు జవాబు

రెండో ప్రపంచ యుద్ధం నేపథ్యంగా టీనేజ్ పిల్లల కోసం వచ్చే గూఢచారి నవలల గురించి ఈమధ్య ఒక మాట తెగ తిరుగుతోంది. ఆ నవలలు కొనిచ్చే తల్లిదండ్రులు, చదివించే టీచర్లు, అలాంటివి రాయాలనుకునేవాళ్లు కూడా అదే చెప్పుకుంటున్నారు. క్లుప్తంగా ఆ మాట ఇది: “వాటిలో ఉన్నదంతా జరిగిందే. పిల్లల్ని ఎవరూ అనుమానించరు కాబట్టి వాళ్లే అందరికన్నా మంచి గూఢచారులు. బ్రిటన్ వాళ్లకు శిక్షణ ఇచ్చి పారాచూట్‌లతో దింపింది. పన్నెండేళ్ల పిల్లాడు సూట్‌కేస్ రేడియోతో రోజూ కబుర్లు పంపేవాడు. ఒక పద్యం కంఠతా వస్తే చాలు, ఆ సంకేతలిపి ఎవరికీ లొంగదు. దొరికినా చిన్నపిల్లలని వదిలేసేవాళ్లు.”

పిల్లలు ఆ యుద్ధంలో పనిచేశారన్నది నిజం. మిగిలిన ప్రతి ముక్కలోనూ తప్పుంది. చివరి ముక్కలోని తప్పు మాత్రం క్షమించరానిది. ఒక్కొక్కటే చూద్దాం.

“పిల్లల్ని ఎవరూ అనుమానించరు.”

కొంతవరకే. నెదర్లాండ్స్‌లోని హార్లెమ్ ఊళ్లో ఓవర్‌స్టీఖెన్ అక్కచెల్లెళ్లు ట్రూస్, ఫ్రెడీ టీనేజ్‌లోనే ప్రతిఘటన దళంలో చేరారు. ఫ్రెడీ రెండు జడలు వేసుకుని సైకిలెక్కితే పన్నెండేళ్ల పిల్లలా కనిపించేదట. ఆ రూపం బాగానే పనికొచ్చింది. అయితే ఆ రూపానికి గడువుంటుంది. జర్మన్ ఆక్రమణ కాలంలో అక్కడ 15 ఏళ్లు నిండిన ప్రతివాళ్ల దగ్గరా గుర్తింపు కార్డు ఉండాలి. పుట్టినరోజు దాటగానే నిన్నటి చిన్నపిల్ల ఈరోజు కాగితాలు చూపాల్సిన మనిషి అవుతుంది. బడి వేళ రోడ్డు మీద కనిపించే పిల్ల, ఒకే సైకిల్ మీద ఒకే వంతెన రోజూ దాటే పిల్ల, కర్ఫ్యూ మొదలయ్యాక బయట ఉన్న పిల్ల పెద్దవాళ్లకన్నా ఎక్కువగా కంట పడుతుంది. పెద్దమనిషికైతే ఉద్యోగమనో పొలమనో చెప్పుకోవడానికి వంద కారణాలుంటాయి. పిల్లకు ఉండేవి రెండో మూడో. నవల రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే: ఆ వేళకు ఆ పిల్ల ఆ రోడ్డు మీద ఎందుకుంది?

దాని తర్వాతది నోరు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో బ్రిటన్ రహస్య సంస్థ ఎం.ఐ.5 తన కార్యాలయంలో కబుర్లు చేరవేయడానికి బాయ్ స్కౌట్‌లను పెట్టుకుంది. అల్లరి, వాగుడు భరించలేక కొద్దికాలానికే వాళ్లను మాన్పించి గర్ల్ గైడ్‌లను తీసుకుంది. ఆ అమ్మాయిలకు 14 నుంచి 16 ఏళ్లు, వారానికి 10 షిల్లింగుల జీతం. మోస్తున్న కాగితాలు చదవబోమని ముందే ప్రమాణం చేయాలి. గూఢచారి సంస్థలో పిల్లలు చేసిన పని గురించి మిగిలిన సాక్ష్యాల్లో చాలా గట్టిది ఇదే. అందులో తుపాకీ లేదు, మారువేషం లేదు. మెట్లు ఎక్కి దిగడం, నోరు మూసుకోవడం, అంతే. నవలకు ఇది పనికిరాదనుకునేవాళ్లు ఒక్క క్షణం ఆలోచించాలి. చదవనని మాటిచ్చిన కాగితం చేతిలో పెట్టుకుని పొడవాటి వసారాలో ఒంటరిగా నడిచే పద్నాలుగేళ్ల అమ్మాయిలో ఎంత కథ ఉందో!

“బ్రిటన్ పిల్లల్ని పారాచూట్‌లతో దింపింది.”

ఫ్రాన్స్‌లోకి రహస్యంగా మనుషుల్ని పంపిన బ్రిటిష్ సంస్థ ఎస్.ఓ.ఈ. పంపినవాళ్లలో అతి పిన్నవాళ్లకే 20 ఏళ్లు. 1942లో దిగిన టోనీ బ్రూక్స్, 1944లో దిగిన సోన్యా బట్ ఆ వయసువాళ్లే. శిక్షణ ఎలా సాగేదో చూస్తే కారణం తెలుస్తుంది. స్కాట్లాండ్‌లోని అరిసెయిగ్ కొండల్లో పేలుడు పదార్థాలు, ఆయుధాలు, రాత్రి నడకలు. మాంచెస్టర్ దగ్గర రింగ్‌వేలో పారాచూట్ దూకుళ్లు. బ్యూలీలో మారుపేరుతో బతకడం, విచారణకు తట్టుకోవడం. రేడియో మనిషికి వీటిపైన థేమ్ పార్క్‌లో నెలల తరబడి మోర్స్ (చుక్కలు, గీతలతో మీట కొట్టి కబురు పంపే పద్ధతి) సాధన. ఇంత శిక్షణ ఇచ్చి ఒక బడిపిల్లను దింపితే, ఆ పిల్ల ఒంటరిగా గది అద్దెకు తీసుకోలేదు, రేషన్ కార్డు మీద సరుకులు తెచ్చుకుంటూ ఒంటరిగా బతకలేదు. ఇరుగుపొరుగు మొదటి రోజే “మీ అమ్మానాన్నా ఎక్కడమ్మా?” అని అడుగుతారు.

ఎస్.ఓ.ఈ. నిజంగా చేసింది దీనికి పూర్తిగా తలకిందులు. 1944 మే 1న నార్మండీలో దిగిన ఫిలిస్ లటూర్‌కు 23 ఏళ్లు. దిగాక ఆమె పద్నాలుగేళ్ల పల్లెటూరి పిల్లగా మారిపోయింది. సైకిల్ మీద సబ్బులు అమ్ముకుంటూ జర్మన్ సైనికులతో కబుర్లు చెబుతూ తిరిగింది. పిల్లల మీద తక్కువ అనుమానం వస్తుందన్న సంగతి ఎస్.ఓ.ఈ.కి బాగా తెలుసు. దాన్ని వాడుకోవడానికి పిల్లను పంపకుండా, పిల్లలా కనిపించే పెద్దమనిషిని పంపింది.

పిల్లల్ని దింపినవాళ్లు అసలు లేరా అంటే ఉన్నారు, వాళ్లు జర్మన్లు. 1943లో జర్మన్ సైనిక గూఢచారి విభాగం ఆబ్వేర్, ఆక్రమిత సోవియట్ ప్రాంతాల్లోని అనాథ పిల్లల్ని పోగేసి, బొగ్గు ముక్కల్లా కనిపించే పేలుడు పదార్థాలిచ్చి, రైలింజన్ల బొగ్గు కుప్పల్లో కలిపి రమ్మని పారాచూట్‌లతో దింపింది. చాలామంది పిల్లలు నేల మీద కాలు పెట్టగానే నేరుగా సోవియట్ అధికారుల దగ్గరికి వెళ్లి లొంగిపోయారు. బలవంతంగా తయారుచేసిన పిల్ల గూఢచారి మీద ఎంత భరోసా పెట్టుకోవచ్చో దీన్నిబట్టే తెలుస్తుంది.

“పన్నెండేళ్ల పిల్లాడు సూట్‌కేస్ రేడియోతో...”

ఎస్.ఓ.ఈ. ఎక్కువగా వాడిన బి మార్క్ 2 రేడియో మొత్తం సామానుతో కలిపి సుమారు 14.5 కిలోలు. మన ఇళ్లలోకి వచ్చే 25 కిలోల బియ్యం బస్తాలో సగానికి పైనే. దాన్ని ఒంటిచేత్తో, బరువేమీ లేదన్నట్టు ఊపుకుంటూ చెక్‌పోస్ట్ ముందు నడవాలి. పన్నెండేళ్ల పిల్లాడి భుజం ఒక పక్కకు ఒరిగిపోతుంది. సెంట్రీకి ఆ ఒరుగు ఒక్కటి చాలు.

బరువొక్కటే అయితే ఏదోలా సర్దుకోవచ్చు. సుమారు 20 మీటర్ల తీగను ఏరియల్‌గా పైకప్పులోనో చెట్ల మధ్యనో కనిపించకుండా పరచాలి. ఏ ఫ్రీక్వెన్సీకి ఆ క్వార్ట్జ్ స్ఫటికం వేరే ఉండాలి, అది పగిలితే ఆ ఫ్రీక్వెన్సీ పోయినట్టే. లండన్ వినే సమయం ముందే ఖరారై ఉంటుంది. ఆ సమయం తప్పితే మళ్లీ వంతు వచ్చేదాకా ఆగాలి.

ఈలోగా శత్రువు చేతులు కట్టుకుని కూర్చోడు. దూరంగా ఉన్న నిఘా స్టేషన్లు ముందు సిగ్నల్ వచ్చే దిక్కును పట్టి ప్రాంతాన్ని తేలుస్తాయి. తర్వాత వ్యాన్లు వీధుల్లో తిరుగుతాయి. చివర్లో కోటు కింద నడుముకు పరికరం కట్టుకున్న మనిషి ఇంటింటి ముందూ నడుస్తాడు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఒక్కో వాడకు కరెంటు తీసేస్తూ పోతారు. ఏ వాడలో కరెంటు పోగానే సిగ్నల్ ఆగిందో, రేడియో ఉన్నది ఆ వాడలోనే. ఇరవై నిమిషాలు మించి మీట కొట్టడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 1943 నాటి ప్యారిస్‌లో రేడియో మనిషి ఆయుష్షును ఆరు వారాలుగా లెక్కవేసేవాళ్లు. నవలలో పిల్లాడు అటక మీద కూర్చుని రోజూ సాయంత్రం గంటసేపు అదే చోటి నుంచి కబుర్లు పంపుతుంటే, రెండో అధ్యాయానికి మించి బతకడు.

“పద్యం కంఠతా వస్తే చాలు.”

పద్యంతో సంకేతలిపి నిజంగానే ఉండేది. మనిషి తనకు గుర్తున్న పద్యంలోంచి అయిదు మాటలు ఎంచుకుంటాడు. వాటి అక్షరాలకు అకారాది క్రమంలో అంకెలు వేస్తాడు. ఆ అంకెల కింద సందేశాన్ని గళ్లలో రాసి, నిలువు వరసల్ని అంకెల క్రమంలో ఎత్తి రాస్తాడు. వచ్చినదాన్ని మళ్లీ ఇంకోసారి అలాగే కలుపుతాడు. చెప్పినంత తేలిక కాదు. మన అక్షరాలతోనే చేసి చూద్దాం.

తాళం, అంటే అంకెల క్రమాన్ని ఇచ్చే మాట, “గోదావరి”. వర్ణమాల వరసలో గో 1, దా 2, రి 3, వ 4. సందేశం “రేపు రాత్రి పది గంటలకు వంతెన దగ్గర”, సరిగ్గా పదహారు అక్షరాలు. నాలుగేసి చొప్పున రాస్తే అడ్డు వరసలు ఇవి:

రే పు రా త్రి
ప ది గం ట
ల కు వం తె
న ద గ్గ ర

నిలువు వరసల్ని 1, 2, 3, 4 క్రమంలో ఎత్తితే: రేపలన, పుదికుద, త్రిటతెర, రాగంవంగ్గ. చూడ్డానికి ఏమీ అర్థం కాదు. రెండో తాళం “వరంగల్” పెట్టి ఇంకోసారి కలుపుదాం. గ 1, రం 2, ల్ 3, వ 4. వచ్చేది: లకుతెవం, పదిటగం, నదరగ్గ, రేపుత్రిరా.

ఆ చివరి ముక్క చూడండి. “రేపుత్రిరా”లో రేపు రాత్రి బయటపడి కనిపిస్తోంది. రెండుసార్లు కలిపాక ఇంకా గట్టిపడాల్సింది, విప్పడానికి ఇంకా తేలికైంది! ఎందుకంటే గళ్లు నాలుగు నాలుగులుగా సరిగ్గా నిండాయి, రెండు తాళాల పొడవూ ఒకటే. అలాంటప్పుడు రెండో కలపడం మొదటిదాన్ని సగం వెనక్కి తిప్పేస్తుంది. వరసల చోట్లు మాత్రమే మారతాయి. అందుకే తాళాలు పొడవుగా ఉండాలి, ఆఖరి అడ్డు వరస నిండకుండా మిగలాలి. నవలల్లో ముచ్చటగా నిండిన గళ్ల పట్టిక వేసి “దీన్ని ఎవరూ విప్పలేరు” అని రాస్తుంటారు. పదో క్లాసు పిల్ల పది నిమిషాల్లో విప్పేస్తుంది.

పొరపాట్ల సంగతి చెప్పనేలేదు. రేడియో గరగరలో ఒక్క అక్షరం జారినా అవతల గళ్లు పక్కకు జరిగి మొత్తం చిక్కుపడుతుంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే, కొవ్వొత్తి వెలుగులో ఒక అంకె తప్పు వేసినా అంతే. అలాంటి విప్పలేని సందేశాల్ని ఇంగ్లండ్‌లోని గ్రెండన్ రేడియో స్టేషన్‌లో అమ్మాయిలు వేల తాళాలు వేసి చూసి విప్పేవాళ్లు. “తప్పు వచ్చింది, మళ్లీ పంపు” అంటే అవతలి మనిషి మళ్లీ మీట ముందు కూర్చోవాలి, వ్యాన్లు మళ్లీ బయల్దేరతాయి. ఆ అమ్మాయిల్లో చాలామంది టీనేజ్ దాటీ దాటనివాళ్లు. టీనేజ్ నాయిక కావాలనుకునే రచయితకు అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

పద్యానికి ఇంకో జబ్బు ఉంది. అది పేరున్న పద్యమైతే, ఒక్క సందేశం విప్పిన శత్రువు ఆ అయిదు మాటల్ని బట్టి పద్యాన్నే పోల్చుకుని, మిగతా సందేశాలన్నీ చదివేస్తాడు. పైగా కంఠతా వచ్చినదాన్ని చిత్రహింసతో కక్కించవచ్చు. ఎస్.ఓ.ఈ. సంకేతలిపుల బాధ్యత చూసిన లియో మార్క్స్ అందుకే ముందు ఎవరికీ తెలియని కొత్త పద్యాలు రాయించి ఇచ్చాడు. ఆ తర్వాత పట్టుగుడ్డ మీద అచ్చువేసిన తాళాలకు మార్చాడు. తాళం వాడగానే ఆ ముక్క కత్తిరించి కాల్చేయాలి. గుర్తులో లేనిదాన్ని ఎంత హింసించినా చెప్పించలేరు.

ఇక్కడ నూర్ ఇనాయత్ ఖాన్‌ను తలుచుకోకుండా ఉండలేం. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టి ప్యారిస్‌లో పెరిగిన ఆమె యుద్ధానికి ముందు పిల్లల రచయిత్రి. 1939లో వచ్చిన ఆమె పుస్తకం జాతక కథలే. 1943 జూన్‌లో రేడియో మనిషిగా ఫ్రాన్స్‌లో దిగింది, అక్టోబర్‌లో దొరికింది. పంపిన సందేశాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి దాచుకుంది. తనకిచ్చిన సూచనలోని ఒక మాటను భద్రపరచమని అర్థం చేసుకోవడమే దానికి కారణమంటారు. జర్మన్లకు ఆ పుస్తకం దొరికింది. ఆమె పేరుతోనే లండన్‌కు రేడియో నడిపారు, అది నమ్మి దిగిన మనుషులు నేరుగా వాళ్ల చేతుల్లో పడ్డారు. 1944 సెప్టెంబర్ 13న దాఖౌ నిర్బంధ శిబిరంలో ఆమెను కాల్చి చంపారు. ఆమె విచారణలో ఏమీ చెప్పలేదు. ఇన్ని నెలల శిక్షణ, 29 ఏళ్ల వయసు, అంత ధైర్యం ఉన్న మనిషికే ఒక్క నోటుపుస్తకం ఇంత పని చేసింది. పన్నెండేళ్ల పిల్లాడు ఏ పొరపాటూ చేయడని రాయడం అన్యాయం.

“దొరికినా చిన్నపిల్లలని వదిలేసేవాళ్లు.”

ఇది రాసినవాళ్లు ఈ పేర్లు చదవాలి. హెల్ముత్ హ్యూబెనర్, హాంబర్గ్ కుర్రాడు. బి.బి.సి. విని, విన్నది కరపత్రాలుగా టైపు చేసి పంచాడు. 1942 అక్టోబర్ 27న బెర్లిన్‌లోని ప్లోట్‌జెన్‌జే జైల్లో తల నరికారు. 17 ఏళ్లు. మాషా బ్రుస్కినా, మిన్‌స్క్ ఆసుపత్రిలో గాయపడిన సోవియట్ ఖైదీలు తప్పించుకోవడానికి సాయం చేసింది. 1941 అక్టోబర్ 26న మెడలో పలక వేలాడదీసి ఊరంతా నడిపించి ఉరితీశారు. ఆమెకు 17, ఆమెతోపాటు ఉరితీసిన వొలోద్యా షెర్బాత్సెవిచ్‌కు 16. ఆ ఫొటోలో ఉన్నది “గుర్తు తెలియని అమ్మాయి” అని దశాబ్దాల తరబడి రాశారు. వదిలేసేవాళ్లని చెప్పే ప్రతిసారీ ఆమె మళ్లీ గుర్తు తెలియని అమ్మాయే అవుతుంది.

మిత్రపక్షాలు కూడా వదల్లేదు. ఐరోపాలో యుద్ధం ముగిశాక, 1945 జూన్‌లో, 16, 17 ఏళ్ల ఇద్దరు జర్మన్ కుర్రాళ్లను గూఢచర్యం నేరం మీద అమెరికా సైన్యం కాల్చి చంపింది.

శత్రువు చేతికి చిక్కకపోయినా చావు తప్పని పిల్లలున్నారు. ఫ్రాన్స్‌లోని ఎక్స్-సుర్-వియెన్ దగ్గర మార్సెల్ పాంత్ ఆరేళ్లవాడు. తండ్రి ప్రతిఘటన దళ నాయకుడు. వీడు చొక్కా లోపల ఉత్తరాలు దాచుకుని పొలాల మధ్య తిరిగేవాడు, విన్నది విన్నట్టు గుర్తుపెట్టుకునేవాడు. 1944 ఆగస్టు 19న సొంత దళంవాళ్ల స్టెన్ తుపాకీ పొరపాటున పేలి చనిపోయాడు. స్టెన్‌కు ఆ చెడ్డపేరు మొదటినుంచీ ఉంది. లోడు చేసిన తుపాకీ మడమ నేలకు తగిలేట్టు పడితే లోపలి బోల్టు వెనక్కి జారి, ముందుకొస్తూ తూటాను అందుకుని పేల్చేస్తుంది. పిల్లల చేతికి స్టెన్ ఇచ్చి పరిగెత్తించే ప్రతి నవలా రచయితకూ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇంకో మాట కూడా ఈ మధ్యే తోడైంది: “ఇన్ని వివరాలు పెడితే నవల చప్పబడిపోతుంది.” ఫిలిస్ లటూర్ తాళాల పట్టుగుడ్డను ఎక్కడ దాచేదో చూడండి. అల్లిక సూదికి చుట్టి, దాన్ని జుట్టు కట్టుకునే బూటు లేసులో దూర్చేది. వాడిన ప్రతి తాళం మీదా గుండుసూదితో ఒక చిన్న చిల్లు పొడిచేది, రెండోసారి పొరపాటున వాడకుండా. ఒకసారి సోదా చేస్తున్న జర్మన్లు జుట్టు విప్పమంటే, లేసు లాగి జుట్టు వదిలేసి చూపించింది. వాళ్లు జుట్టులో వెతికారు. ఆ తర్వాత కూడా ఆమె పంపుతూనే ఉంది, మొత్తం 135 సందేశాలు.