విలన్‌కి చాకిరీ ఎక్కువైంది

మొన్ననే ఒక గూఢచారి నవల పూర్తిచేశాను. ఐదు వందల పేజీలు. ఉగ్రవాదం, కుట్ర, తప్పుడు ప్రచారం, దేనికీ లోటు లేదు. హీరో గురించి నాకు బెంగ లేదు. మూడు తూటాలు తగిలినా చొక్కా నలగని మనిషి, ఎలాగోలా బతికేస్తాడు. నా టెన్షనంతా విలన్ గురించే.

ఒక్క అబద్ధాన్ని జనంలోకి వదలడానికి పాపం ఆయన మంచుకొండలో ఆఫీసు కట్టాడు. ఉపగ్రహం కొన్నాడు. రెండు వందల మంది కంప్యూటర్ నిపుణులకు నెలనెలా జీతాలు. వాళ్లలో ఎవడు తప్పుచేసినా తనే స్వయంగా కాల్చాలి, మళ్లీ కొత్తవాణ్ణి వెతికి పని నేర్పాలి. ఇన్ని పనుల్లోనూ, హీరోకి ఇబ్బంది కలగకూడదని బాంబుకి ఎర్రంకెల గడియారం బిగించడం మరిచిపోలేదు.

ఇంత కష్టం ఎవరు పడమన్నారు? ఈ వృత్తిలో నిజంగా పేరు తెచ్చుకున్నవాళ్లు చాలా తీరిగ్గా పనిచేశారు. 1983 జూలైలో ఢిల్లీ పత్రిక ఒకదాంట్లో, ఎవరో అమెరికన్ శాస్త్రవేత్త పేరు చెప్పకుండా రాసినట్టు ఒక ఉత్తరం అచ్చయింది. ఎయిడ్స్‌ని అమెరికా సైన్యమే ప్రయోగశాలలో పుట్టించిందని దాని సారాంశం. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ నిర్వాకం అది. పెట్టుబడి ఒక్క ఉత్తరం. రెండేళ్లాగి, 1985లో, ఒక సోవియట్ వారపత్రిక ఆ ఢిల్లీ పత్రికనే సాక్ష్యంగా చూపిస్తూ అదే కథ రాసింది. మనమే వండి, మనమే పక్కింట్లో పెట్టించి, వాళ్లింట్లోంచి వాసన వస్తోందని ఊరంతా చెప్పడమన్నమాట! 1992లో రష్యా విదేశీ గూఢచారి విభాగం అధిపతి ప్రిమకోవ్ ఇది మా వాళ్ల పనేనని ఒప్పుకున్నాడు. అబద్ధం మాత్రం ఆయన మాట వినిపించుకోలేదు.

స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుజోల్ అయితే ఇంకా ముచ్చటైన మనిషి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో లండన్‌లో ఉన్నానని జర్మన్లను నమ్మించి, పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో కూర్చుని, టూరిస్టు గైడు తిరగేస్తూ రహస్య నివేదికలు రాశాడు. లీటరు వైన్ పోస్తే గ్లాస్గో జనం ఏ పనైనా చేసిపెడతారని కూడా రాసేశాడు. గ్లాస్గో ఉన్నది విస్కీకి పేరుపడ్డ స్కాట్లాండులో; అక్కడ కాలుపెట్టిన మనిషి రాసే మాటేనా అది? జర్మన్లకు అనుమానం రాలేదు. తర్వాత బ్రిటన్ అతన్ని చేరదీసింది. మొత్తం 27 మంది లేని ఏజెంట్లను సృష్టించి, వాళ్ల ఖర్చులకని జర్మన్ల దగ్గరే డబ్బు గుంజాడు. 1944లో జర్మనీ ఐరన్ క్రాస్ పతకం ఇచ్చింది, బ్రిటన్ ఎంబీఈ అనే గౌరవ పురస్కారం ఇచ్చింది. రెండు పక్షాలూ మెచ్చిన ఉద్యోగి ఇంకెక్కడైనా ఉన్నాడా?

మా విలన్‌కి చివర్లో దక్కింది మాత్రం హెలికాప్టర్ రెక్క కింద చావు.

అన్నట్టు, ఆ నవల నేనెందుకు కొన్నానో చెప్పలేదు కదూ. వెనక అట్ట మీద ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ అని ఉంది. ఆ మూడు మాటలకూ ఉపగ్రహం అవసరం పడలేదు.