అంగారకుడి మీద ఉగాది ఏ రోజు?

గత నెల ఈ పరాయి దేశంలోని మన తెలుగు సంఘం ఉగాది సంబరాలలో యువ విభాగం వారు వేసిన నాటికకు హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్విన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మనుషులు చంద్రుడి మీద, అంగారకుడి మీద, గురుగ్రహపు ఉపగ్రహాల మీద ఊళ్ళు కట్టుకుని కాపురాలు చేస్తున్న కాలంలో, అంగారకుడి మీది ఒక తెలుగు కుటుంబం కథ అది. నెల్లూరు యాసలో మాట్లాడే తాత "ఒరే అబ్బయా, ఉగాది ఎప్పుడు రా?" అని అడిగితే, మనవడు "ఇక్కడ మన చంద్రుడే లేడు కదా తాతా, హాలు దొరికిన శనివారమే ఉగాది" అంటాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చేటప్పుడు, కారులో, ఆ మాట గుచ్చుకోవడం మొదలుపెట్టింది. మా యాస మీద నవ్వించినందుకు కొంత చిన్నబుచ్చుకున్న మాట నిజమే గాని, అసలు సంగతి వేరు. ఆ వాక్యం ఏటా మన కార్యవర్గ సమావేశంలో వినిపించేదే. రెండు దఫాలు సాంస్కృతిక కమిటీలో ఉండగా దానిని పలికినవారిలో నేనూ ఒకణ్ణి.

శాస్త్రం మటుకు ఆ పిల్లవాడి పక్షానే ఉంది. సూర్యచంద్రుల నడుమ ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి. అంగారకుడి మీద నిలబడి చూస్తే మన భూమి ఒక చుక్క, మన చంద్రుడు దానిని అంటిపెట్టుకున్న మరో చిన్న చుక్క. అక్కడి రెండు చందమామలలో పెద్దదైన ఫోబోస్ 7 గంటల 39 నిమిషాలకొక చుట్టు చుడుతూ పడమట పొడిచి తూర్పున కుంకుతుంది కాబట్టి, దానిని నమ్ముకుంటే రోజుకు మూడు అమావాస్యలు వస్తాయి. అక్కడి ఏడాది మన లెక్కలో 687 రోజులు కనుక ఉగాది పచ్చడి కోసం దాదాపు రెండేళ్ళు కాచుకోవాలి. (కుజదోషమని సంబంధాలు తిప్పికొట్టినవారు కుజుడి మీదనే గృహప్రవేశం చేశాక ఏ దోషం వెతుక్కుంటారో చూడాలని నాకు మహా సరదాగా ఉంది.)

అయితే పంచాంగం ఆకాశం చూసి రాసేది కాదు, లెక్కగట్టి రాసేది. నెల్లూరుకు కట్టిన లెక్క ఏ గ్రహం మీదికి తీసుకుపోయినా నెల్లూరు లెక్కే. భూమి నుంచి అంగారకుడికి కబురు చేరడానికి గ్రహాల దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. సిద్ధాంతిగారు ఇక్కడ పంచాంగ శ్రవణం మొదలుపెట్టిన అరగంటలోపే అక్కడ వినబడుతుందన్నమాట. మనకు మాత్రం గురువారం వచ్చిన ఉగాది చేరడానికి శనివారం దాకా పడుతోంది.

ఊళ్ళో ఉన్నప్పుడు మేమేదో తిథులు పట్టుకుని వేలాడామని చెప్పను. మా నాన్న క్యాలెండరులో వర్జ్యమూ రాహుకాలమూ తప్ప తిథి చూసినది తద్దినాలకే. నాకు తిథి విలువ తెలిసివచ్చింది ఉగాది వల్ల కాదు, రొట్టె వల్ల.

రొట్టెల పండుగ సంగతి నెల్లూరువారికి వివరించనక్కరలేదు. ముహర్రంలో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవారు కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె పట్టుకుంటారు. తమ కోరిక తీరాక, మరుసటి ఏడు వచ్చి మరొకరికి రొట్టె వదులుతారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె ఉన్నట్టే విదేశీ రొట్టె కూడా ఉంది. 2004లో మా అమ్మ కొంగు బిగించుకుని మోకాలి లోతు నీళ్ళలో దిగి, కొడుకు కువైట్ చేరిన ఒక ముస్లిం ఇల్లాలి చేతి నుంచి నా కోసం ఆ రొట్టె పట్టుకుని, సగం తాను తిని సగం నాకు తినిపించింది. ఆ ఏడే వీసా వచ్చింది. మరుసటి ముహర్రానికి వస్తానని మాట ఇచ్చి రాలేకపోయాను. నా బదులు అమ్మే వెళ్ళి, "ఇది నా కొడుకు ఇయ్యాల్సింది తల్లీ, వాడికి సెలవు దొరకలా" అని చెప్పి మరీ వదిలి వచ్చిందట.

ముహర్రం ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అలా జరిగి జరిగి 2009లో డిసెంబరు చివరి వారంలోకి, సరిగ్గా నా సెలవులలోకి, తానే నడిచి వచ్చింది. ఆ నెలలోనే మేము కొత్త ఇంట్లో చేరాము. వచ్చే ఏడు చూద్దామన్నాను. "చెరువు యాడికీ పోదులే నాయనా" అంది అమ్మ.

2013 నవంబరు 5 మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు శ్రీహరికోట నుంచి మంగళయాన్ లేచినప్పుడు (ఆ కోట 2022లో కాగితాల మీద తిరుపతి జిల్లాకు పోయింది గాని, మాకు నెల్లూరిదే), అమ్మ మిద్దె ఎక్కి పొగచార చూసి నాకు ఫోను చేసింది. "అంగారకుడి కాడికి పోతా ఉండాదంట. దానికి ఎవురు రొట్టె పట్టారో!" అని నవ్వింది. నా రొట్టె సంగతి ఎత్తలేదు. అమ్మ పోయి ఇప్పటికి ఆరేళ్ళు.

హాలు అద్దె, వంటవారు, పిల్లల బడి, దూరాభారాలు అన్నీ నాకు తెలిసినవే కనుక శనివారాన్ని తప్పు పట్టను. భోజనాలూ నృత్యాలూ ఆ రోజే పెట్టుకుందాం. కాని వీలు చూసుకుని మనం ఎంచుకున్న రోజు మనలను ఏమీ అడగదు. వీలు కాని రోజున వచ్చి నిలబడే పండుగే, వెళ్ళకపోతే ఇరవై ఏళ్ళ తరువాత కూడా బాకీ గుర్తు చేస్తుంది. అందుచేత కార్యవర్గానికి నా మనవి ఒక్కటే: ఆహ్వానపత్రికలో అసలు తిథిని, దాని తేదీని పైన వేసి, సంబరాల తేదీని దాని కింద వేయండి. ఆ తిథి నాడు పది మందయినా కూర్చుని పంచాంగం వినే ఏర్పాటు చేయండి. మనవడి వేషం వేసిన పిల్లవాడిని తప్పకుండా పిలవండి. ఫోబోస్ సంగతి అతనికి చెప్పాలని ఉంది.

నా సంగతికి వస్తే, ఈ రెండు మూడేళ్ళు ముహర్రం ఇక్కడి బడుల వేసవి సెలవులలో పడుతోంది. టిక్కెట్లు చూస్తున్నాను.

పంచాంగ శ్రవణానికి చోటు లేదంటారేమో, మా గరాజు ఉంది. వచ్చే ఉగాది ఏ వారం వచ్చినా సరే, ఆ సాయంత్రం ఆరు గంటలకు తలుపు తెరిచి ఉంచుతాను. వేపపువ్వు మాత్రం ఎవరైనా తీసుకురావాలి; మా కుండీలో మొక్క మొన్నటి చలికి పోయింది.